పరాయి కంపెనీ ఫ్లాషు, గౌలిపుర బర్రె

ముందుగా ప్రమాణం చేస్తాను. మా ఇంటి గోడల మీదున్న దేవుళ్ళందరి సాక్షిగా, ఆ దేవుళ్ళ మధ్య ఎవరూ అడక్కుండానే చోటు చేసుకున్న మా మామగారి పటం సాక్షిగా చెబుతున్నాను: ఇక్కడ రాసిన ప్రతి అక్షరమూ నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వడం మొదలుపెడతారు. నవ్వుకోనీయండి. ఉప్పుగూడ స్టేషన్ బయట చాయ్ బండి దగ్గర నా గురించి ఏమేం అనుకుంటారో నాకు తెలుసు. మూసీలో మొసలిని ఫొటో తీశానని చెప్పినప్పుడు కూడా ఇలాగే నవ్వారు. ఆ ఫొటోలో ఉన్నది మొసలి కాదని మాత్రం ఈనాటికీ ఎవరూ రుజువు చెయ్యలేదు.

నేను సర్కారు ఆఫీసులో గుమాస్తాను. ఫైళ్ళకు ఇవ్వగా మిగిలిన కాలమంతా ఫొటోలకు ఇచ్చుకుంటాను. మూడేళ్ళ కిందట నా పాత కెమెరా కన్నుమూసింది. దానితో పదేళ్ళు కాపురం చేసిన ఫ్లాషు మాత్రం గుండ్రాయిలా ఉంది. తరవాత నా చేతికొచ్చిన కెమెరా ఇంకో కంపెనీది. ఫ్లాషు పాదాన్ని ఆ కెమెరా నెత్తి మీది గాడిలోకి తోసి చూశాను. టక్కుమని కూచుంది. నాకు అంతే చాలు. అబ్బాయీ అమ్మాయీ పక్కపక్కన నిలబడితే ఎత్తు సరిపోయిందని ముహూర్తం పెట్టించేసే పెద్దమనుషులుంటారు చూడండి, ఆ రోజు నేను ఆ జాబితాలో చేరాను.

అసలు సంగతి ఏమిటంటే ఆ గాడిలో నాలుగైదు ఇత్తడి చుక్కలుంటాయి. నడిమి పెద్ద చుక్క ఒక్కటే అన్ని కంపెనీలకూ ఉమ్మడి ఆస్తి. దానికి వచ్చిన మాట ఒక్కటే: "వెలుగు." ఎంత వెలగాలి, ఎప్పుడు తగ్గాలి అన్న ముచ్చట్లన్నీ చిన్న చుక్కలు మాట్లాడుకుంటాయి, వాటి భాష ఏ కంపెనీకి ఆ కంపెనీదే. అంటే నా కెమెరా వెలుగు అంటుంది, నా ఫ్లాషు తనకున్నదంతా వెలుగుతుంది. ఈ జ్ఞానం నాకు తరవాత వచ్చింది. దానికంటే ముందు గౌలిపుర నుంచి పిలుపు వచ్చింది.

గౌలిపురలో మాకు పాలు పోసే ఇల్లు ఒకటుంది. ఆ ఇంటి పెద్దాయనను నేను బాపు అంటాను, ఆయన కోడలిని అక్కా అంటాను. ఒకప్పుడు ఆ గల్లీలో ఇంటింటికీ కొట్టం ఉండేది. చివరికి మిగిలింది వీళ్ళ కొట్టం, అందులో మిగిలింది ఒక్క బర్రె. ఆ బర్రె కూడా శంషాబాద్ అవతల అక్క తమ్ముడి దొడ్డికి పోవాలనీ, కొట్టం పడగొట్టి బండ్లు పెట్టుకునే జాగా చెయ్యాలనీ ఇంట్లో తేల్చారు. తేల్చినప్పుడు బాపు సరేనన్నాడట. ఒక్క ఫొటో మాత్రం అడిగాడట.

అందులో నా పాపం కొంత ఉంది. అంతకు వారం ముందే పాల కోసం పోయినప్పుడు వాళ్ళ గడప మీద కూచుని, నా ఫ్లాషు వేస్తే బర్రె కడుపులో గడ్డి కూడా కనబడుతుందని చెప్పాను. ఊరికే నోటికొచ్చింది. బాపు దాన్ని మనసులో పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి పోయేసరికి బర్రెను కడిగి, కొమ్ములకు నూనె రాసి ఉంచారు. బాపు గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల ధోతి, తెల్ల కమీజు వేసుకుని దాని పక్కన నిలబడి ఉన్నాడు. ఆ కొట్టానికి ఉన్నది ఒక్క తలుపు, కిటికీ లేదు. పగలే లోపల మనిషి మొహం గుర్తుపట్టడానికి కొంచెం సేపు పడుతుంది.

"పదకొండు గొట్టంగ బండి వస్తది బిడ్డా," అన్నాడు బాపు. "గిది పోతది. రేపు గీ కొట్టం పోతది. ఉండేటిది నేనొక్కన్నే. ముగ్గురం ఒక్క తాన ఉన్నట్టు ఒక్క ఫొటో కావాలె. గోడకు పెట్టుకుంట."

"బర్రెను బయటికి తోల్కరారాదు బాపు? వెల్తుర్ల తీస్తె మంచిగొస్తది," అన్నాను. ఇది ఆ రోజు నేను అన్న ఒకే ఒక తెలివైన మాట.

"కొట్టమేడికెల్లి వస్తది బయట?"

"నేను ఫోన్ల తీస్త అన్న, వినడు," అంది అక్క బకెట్లో తౌడు కలుపుతూ. "ఫోన్ల ఫొటో ఫోన్లనే ఉంటదంట. తమ్మీ తాన మస్తు పెద్ద డబ్బ ఉన్నదంట, బర్రె కడుపుల గడ్డి గూడ కనవడ్తదంట. సూద్దాం మరి."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పాడిబర్రెను ఫొటో తీస్తే పొదుగు ఎండిపోతుందని ఆ ఇంట్లో నమ్మకం. బాపు తాత కాలం నుంచీ ఆ కొట్టంలో ఒక్క ఫొటో దిగలేదు. ఇప్పుడు పాలు వేరే ఇంటికి పోతున్నాయి కాబట్టి ఆ పట్టింపు కొంచెం సడలింది. అయినా అక్క ఊరుకోలేదు. కాటుక తెచ్చి బర్రె చెంపన దిష్టిచుక్క పెట్టింది. నల్ల బర్రె మీద నల్ల చుక్క. ఎక్కడ పెట్టిందో పెట్టిన వేలికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

"అక్కా, గిది ఎవరికి కనవడ్తది?"

"దిష్టికి కనవడ్తది. నీకెందుకు తమ్మీ, నీ పని నువ్ సూస్కో."

నా పని నేను చూసుకున్నాను. కెమెరా నిలువుగా పట్టుకున్నాను, ఎడమ పక్క బాపు, కుడి పక్క బర్రె మొహం, వెనక గోడ, గుంజ, గడ్డి తొట్టి. అన్నీ కెమెరాకే వదిలేసి మీట నొక్కాను.

నేను ప్రమాణం చేశానన్నది గుర్తుంచుకోండి. ఆ వెలుగుకు దూలం మీద కునుకు తీస్తున్న బల్లి కింద పడి, లేచి, ఎవరి వైపూ చూడకుండా నడుచుకుంటూ బయటికి పోయింది. పక్కింటి వాళ్ళు మధ్యాహ్నానికని తోడుపెట్టిన పాలు అప్పటికప్పుడు గట్టి పెరుగయ్యాయి. ఉప్పుగూడ మీదుగా పోతున్న రైలు ఒకటి కూత వేసింది. అది వేరే కారణానికి వేసి ఉంటుందని అక్క అంటుంది, నేను ఒప్పుకోను. ఇంత జరిగినా బర్రె నా వైపు చూడలేదు. దాని చూపంతా అక్క చేతిలో తౌడు బకెట్ మీదే ఉంది.

కెమెరా వెనక తెర మీద ఫొటో వచ్చింది. అక్క వంగి చూసింది.

"ఏంది తమ్మీ, పాలను దీసినవా?"

అంతా తెలుపే. కింద ఒక మూల నల్లగా ఏదో ఉంది, అది గిట్ట కావచ్చు. కడుపులో గడ్డి కనబడటానికి ముందు కడుపు కనబడాలి కదా.

వెలుగు ఎక్కువైంది కాబట్టి తగ్గించాలి. ఎలా తగ్గించాలో నాకు తెలిసిన దారి ఒక్కటే, కెమెరా లోపల షట్టర్ అనే తెర తెరిచి ఉండే సమయాన్ని కోసెయ్యడం. కోసేశాను. సొంత కంపెనీ ఫ్లాషయితే అంత కోత వద్దని కెమెరాయే ఆపేది. నెత్తి మీద కూచున్నది పరాయిది కాబట్టి దానికేం పట్టింది. ఫ్లాషు వెలిగే సమయానికి తెర సగమే తెరిచి ఉంది, కిటికీకి ఒక రెక్కే తీసినట్టు. తెరిచిన సగంలోంచి వచ్చినంతే వచ్చింది.

ఫొటో చూశాను. ఎడమ సగంలో బాపు తెల్లగా వెలిగిపోతున్నాడు, మీసాన్ని బట్టి ఆయనని గుర్తుపట్టొచ్చు. కుడి సగం బడిపిల్లల పలకలాగ నల్లగా, ఏమీ లేకుండా ఉంది. ఎవరో కత్తి పెట్టి కోసినట్టు గీత.

దాచుదామనుకునేలోపే బాపు నా భుజం మీంచి చూశాడు.

"బర్రె అప్పుడే పోయిందా," అన్నాడు.

వేళాకోళానికన్న మాట కాదు. అక్క బకెట్లో చెయ్యి తిప్పడం ఆపింది.

గల్లీ మొదట్లో హారన్ మోగింది. బండి గంట ముందే వచ్చింది. డ్రైవర్ ఇంకో ట్రిప్పు వెయ్యాలన్న తొందరతో తలుపులోంచి తొంగిచూశాడు. "క్యా భాయ్, కిత్తా టైమ్ లగ్తా? మేరేకు ఔర్ ఏక్ చక్కర్ మార్నా హై."

"ఠైరో బేటా, జర ఫొటో హోజాయే," అని బాపు అతన్ని కాసేపు ఆగమన్నాడు.

"భైంస్ కా ఫొటో?" అని, బర్రెక్కూడా ఫొటోనా అన్నట్టు అతను నా వైపు చూశాడు. ఆ చూపులో జాలి ఉంది, అది బర్రె మీద కాదు. అక్క అతనికి గ్లాసులో చాయ్ పోసి గడప మీద కూచోబెట్టింది. ఇప్పుడు నాకు మిగిలిన సమయం ఒక గ్లాసు చాయ్.

"నలుపు వెల్తురును తాగుతది బాపు," అన్నాను. "గందుకే బర్రె వస్తలేదు."

"నలుపుదా తప్పు?"

"తమ్మీకి ఎన్నడు నోరు ఆగంగ సూడలె," అంది అక్క. "ఇయ్యాల చేతులు గూడ ఆగినయి. గా డబ్బ ఎనక గుండీలున్నయి గదా, అవి ఎందుకున్నయో సూసినవా?"

ఆ ఫ్లాషు పదేళ్ళుగా నా దగ్గరుంది. దానితో పెళ్ళి ఫొటోలు తీసిన జంటల పిల్లలు బడికి పోతున్నారు. దాని వెనక "మోడ్" అని రాసిన మీట ఒకటుందని మాత్రం ఆ ఆదివారమే చూశాను. అంతకు ముందు దాని అవసరం రాలేదు. పాత కెమెరా, ఇదీ ఒకే ఇంటివి కాబట్టి వాటి లెక్కలు అవే చూసుకునేవి. మీట నొక్కితే చిన్న తెర మీద అంకెలు వచ్చాయి. ఒకటి. మళ్ళీ నొక్కితే ఒకటి బై రెండు. తరవాత ఒకటి బై నాలుగు, ఒకటి బై ఎనిమిది.

"ఏంది గవి?" అన్నాడు బాపు.

"ఫ్లాష్ ఎంత గొట్టాలెనో చెప్పే లెక్క బాపు. మొత్తం, సగం, సగంల సగం, గట్ల."

బాపు అంకెల్ని కాసేపు చూశాడు. "లీటర్, అద్ద లీటర్, పావు, అద్దపావు," అన్నాడు. "గంతేనా? గీ లెక్క నేను నిక్కరేసుకున్నప్పటి సంది జేస్తున్న. నువ్వు ఇంతసేపు బిందెకు బిందె నా నెత్తి మీద గుమ్మరించినవా?"

"దానంతల అదే కొలుస్తది అనుకున్న."

"ఎవలకు ఎంత గావాల్నో దానికెట్ల ఎరుక? పోసెటోడు కొలవాలె గని. పావు పోసి సూడు."

కోసిన సమయాన్ని మళ్ళీ మొదటిలా పెట్టి, పావు పోశాను. బల్లులేవీ పడలేదు. ఫొటోలో మొదటిసారి ఇద్దరూ కనబడ్డారు, కానీ కనబడిన తీరు ఇది: బాపు ధోతి ట్యూబ్‌లైట్‌లాగ వెలుగుతోంది, ఆయన మొహం ఆ వెలుగులో కొట్టుకుపోయింది. బర్రె ఉన్న చోట రెండు కళ్ళు, నూనె రాసిన కొమ్ముల అంచులు మెరుస్తున్నాయి, మిగతాదంతా చీకటి. ఇబ్బంది ఎక్కడుందో అప్పుడు అర్థమైంది. బర్రెకు అద్ద లీటరు కావాలి. గంజి పెట్టిన తెల్ల బట్టలకు అద్దపావు చాలు. నా దగ్గర ఉన్నది ఒక్క గిన్నె, ఇద్దరికీ ఒకేసారి పోయాలి.

ఇది బాపుకు చెప్పాను. నేను అబద్ధం చెప్పకపోవడం ఆయనకు వింతగా ఉన్నట్టుంది, నా మొహం ఒకసారి పరీక్షగా చూశాడు. తరవాత గోడ దగ్గరికి పోయి మేకుకు వేలాడుతున్న నల్ల గొంగడి తీశాడు. ఆయనే పాలు పిండిన రోజుల్లో చలికాలం తెల్లవారుజామున కప్పుకునేది. దులిపాడు. కొట్టమంతా దుమ్ము లేచింది. నెత్తి మీంచి కాళ్ళ దాకా కప్పుకున్నాడు.

అక్క లబలబలాడింది. "ఏంది మామా, పొద్దుగాల లేసి ఇస్త్రీ జేసిన. గొంగడిల దిగుతవా ఫొటో? రేపు గోడకు పెడ్తె వచ్చెటోళ్ళు ఏమంటరు? ఇద్దరు ఒక్క తీర్గనే ఉన్నరు, ఏది బర్రె, ఏది మామ అంటరు."

"అననియ్యి. ఇగ ఇద్దరికి ఒక్క కొలతే. అద్ద లీటర్ పొయ్యి బిడ్డా."

ఇక మిగిలింది బర్రె మొహం. అది ఆ పొద్దుటి నుంచీ ఒక్కసారి కూడా కెమెరా వైపు తిరగలేదు. అక్క ఎటు పోతే అటే దాని మెడ తిరుగుతోంది. మెడ, చెవి, కొమ్ము వెనకభాగం ఎన్ని ఫొటోలు కావాలన్నా వస్తాయి. నేను చిటికెలు వేశాను. దూడలాగ అరిచాను, చాయ్ తాగుతున్న డ్రైవర్ గ్లాసు కింద పెట్టి మరీ విన్నాడు. అక్క పాలు పిండేటప్పుడు నాలుకను అంగిటికి కొట్టి ఒక రకమైన చప్పుడు చేస్తుంది. చివరికి నేను ఆ చప్పుడు చేశాను.

బర్రె నమలడం ఆపింది. మెల్లగా తల తిప్పింది. నేరుగా, కన్నార్పకుండా, నా కెమెరాలోకి చూసింది. ఒక పశువును ఇంత మర్యాదగా పిలిచినవాడు ఈ గల్లీలో ఇంతవరకు పుట్టలేదన్నట్టు చూసింది. అద్ద లీటరు వెలుగు పోశాను.

వచ్చిన ఫొటో గురించి నేను ఎక్కువ చెప్పను, నాకే నమ్మబుద్ధి కాలేదు. గొంగడి ఉన్ని పోగులు, బర్రె నుదుటి వెంట్రుకలు, తొట్టి అంచున ఏళ్ళ తరబడి దాని గదవ రాసుకుని నునుపెక్కిన చోటు, వెనక గోడ మీద ఎప్పటివో గంధం చేతి ముద్రలు, అన్నీ ఉన్నాయి. బాపు తెరను అరచేతుల్లో పట్టుకుని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఉన్నం," అన్నాడు. "ముగ్గురం ఉన్నం."

తరవాత పని చకచకా అయిపోయింది. అక్క ఉప్పూ మిరపకాయలూ బర్రె చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. పలక మీదుగా దాన్ని బండి ఎక్కించారు. అది మొరాయించలేదు, అక్క ముందు ఎక్కింది కాబట్టి వెనక ఎక్కింది. అక్క పక్క నుంచి దిగిపోయింది. బండి గల్లీ మలుపు తిరిగేదాకా బాపు గొంగడి తియ్యలేదు, ఆ ఎండలో.

ఇక ఒప్పుకోలు. పైన మీకు అనుమానం వచ్చిన చోట్లన్నీ నిజమే, ప్రమాణం ప్రమాణమే. అనుమానం రాని చోట మాత్రం ఒక ముక్క కల్పించాను.

ఆ చివరి ఫొటో తీసింది నేను కాదు.

నాలుకతో చప్పుడు చేసిన మాట నిజం. దానికి బర్రె తోక ఊపింది, అదీ ఈగను తోలుకోవడానికి. డ్రైవర్ చాయ్ అయిపోయి లేచి నిలబడ్డాడు. అప్పుడు అక్క బకెట్ కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, "ఇటియ్యి తమ్మీ," అంది. ఏ గుండీ నొక్కాలో ఒక్కసారి అడిగింది, చూపించాను. ఎక్కడ నిలబడాలో చూపించాను. ఆమె కెమెరా కంటికి పెట్టుకోలేదు. ఛాతీ దగ్గర పట్టుకుని, దాని పైనుంచి బర్రెను చూస్తూ ఏదో అంది. పెద్ద మాటేం కాదు, నాకు సరిగా వినబడలేదు. బర్రె ఆమెను చూసింది. ఆమె నొక్కింది. నేను ఆ సమయంలో ఫొటోలో పడకుండా పక్కకు ఒదిగి పలుపుతాడు పట్టుకుని ఉన్నాను.

పన్నెండేళ్ళు రోజుకు రెండుపూటలా ఆ బర్రె పాలు పిండింది అక్క. పేడ ఎత్తింది, ఈనినప్పుడు పక్కన కూచుంది. ఆ పొద్దున బాపు ముగ్గురమని లెక్క చెబితే నేను తలూపాను. నువ్వు కూడా వచ్చి నిలబడక్కా అనడం మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. ఆమె కూడా అడగలేదు.

ప్రింటు వేయించినప్పుడు అలవాటుగా కింద మూలన నా పేరు వేయించుకున్నాను. ఆఫీసులో చూపించాను, చాయ్ బండి దగ్గర చూపించాను, పరాయి కంపెనీ ఫ్లాషుతో ఎలా కుస్తీ పట్టానో చెయ్యి తిప్పుతూ చెప్పాను. చట్రం కట్టించి తీసుకుపోయి ఇస్తే అక్క పేరు దగ్గర వేలు పెట్టి చదివింది. "మంచిగొచ్చింది తమ్మీ," అంది. ఎగతాళి చేస్తుందేమోనని చూశాను, చెయ్యలేదు.

పటం ఇప్పుడు వాళ్ళ మేడ మీద ముందుగదిలో ఉంది. వచ్చినవాళ్ళు ఎక్కడ నిలబడ్డా బర్రె తమనే చూస్తోందంటారు, తీసినవాడి చెయ్యి గొప్పదంటారు. నేను అక్కడుంటే కాదనను. అక్క ఊడ్చుకుంటూ ఆ గోడ దగ్గరికి వచ్చినప్పుడు చీపురు ఆపి ఒకసారి తలెత్తి చూస్తుంది. తరవాత మిగతా గది ఊడుస్తుంది.